ఆకలి, ఆహారేచ్ఛ: బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత వచ్చే మార్పులు

జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తొలగించిన తరువాత మనిషికి ఆకలి ఏమవుతుంది? ఆకలితో పాటు తినాలనే కోరిక కూడా పోతుందా? ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని పైకి అనిపిస్తుంది గాని, ఒకటి కావు. వాటి తేడా తెలిస్తే ఈ పాఠంలో సగం అర్థమైనట్లే.

మన వాడుక భాషలో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. 'పేగులు అరుస్తున్నాయి', 'కడుపు నకనకలాడుతోంది' అంటే ఒక స్థితి. 'నోరూరుతోంది' అంటే మరొకటి. పెళ్ళి విందులో కడుపు నిండిపోయిన వాడికి కూడా బూరె కనబడితే నోరూరుతుంది. పొలంలో ఉదయం నుంచి నాట్లు వేసిన మనిషికి మధ్యాహ్నం చద్దన్నం, పచ్చిమిరపకాయ చాలు. ఆకలి రుచి ఎరుగదన్న సామెత అక్కడ పుట్టిందే. మొదటిదాన్ని ఆకలి అనీ, రెండవదాన్ని ఆహారేచ్ఛ అనీ అందాం. తింటూ తింటూ ఒకచోట 'ఇక చాలు' అనిపించే మూడవ స్థితి తృప్తి. శస్త్రచికిత్స ఈ మూడింటినీ ఒకే మోతాదులో మార్చదు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనగానే వలస కూలీలు, రక్తహీనత గుర్తుకు వస్తాయి గాని ఊబకాయం గుర్తుకు రాదు. అయితే 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో సుమారు 36 శాతం మంది ఉండవలసిన బరువు కంటే ఎక్కువ ఉన్నారు. రక్తహీనత, అధిక బరువు ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఈ శస్త్రచికిత్స కోసం మన వైపు వారు సాధారణంగా విశాఖపట్నం వెళతారు. ఆపరేషన్ నగరంలో జరుగుతుంది, నాలుగైదు రోజుల్లో మనిషి ఊరికి తిరిగి వస్తాడు. ఆ తరువాత ఏళ్ల తరబడి సాగే తిండి వ్యవహారమంతా ఊళ్లోనే, ఇంటివారి మధ్యనే జరుగుతుంది. అందుచేత ఈ విషయం వైద్యులకు ఎంత అవసరమో, ఇంట్లో వడ్డించేవారికీ అంతే అవసరం.

ఆకలి ఎక్కడ పుడుతుంది?

ఖాళీ కడుపు ముడుచుకోవడమే ఆకలి అని చాలాకాలం అనుకున్నారు. 1912లో అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడి దగ్గర వాష్‌బర్న్ అనే పరిశోధకుడు ఒక చిన్న రబ్బరు బుడగను మింగాడు. జీర్ణాశయం సంకోచించినప్పుడల్లా బుడగ నొక్కుకుని ఆ కదలిక కాగితంపై గీతగా నమోదయ్యేది. ఆకలి వేసిందని అతడు చెప్పిన సమయాలు, సంకోచాల సమయాలు కలిశాయి. దానితో ఆకలి రహస్యం తేలిపోయినట్లే కనిపించింది. కానీ వ్రణాలవల్లో, క్యాన్సర్ వల్లో జీర్ణాశయాన్ని మొత్తం తీసివేసిన రోగులు కూడా ఆకలి వేస్తోందని చెప్పడం వైద్యులు గమనించారు. ముడుచుకోవడానికి సంచి లేదు, ఆకలి ఉంది! కాబట్టి ఆకలిని నడిపేది మెదడేనని, కడుపు కేవలం వార్తాహరుడని క్రమంగా తేలింది.

ఆ వార్తాహరుల్లో ముఖ్యమైనదాన్ని 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం గుర్తించింది. దాని పేరు గ్రెలిన్. ఇది ప్రధానంగా జీర్ణాశయం పైభాగాన గుమ్మటంలా ఉండే ఫండస్ నుంచి రక్తంలోకి విడుదలై, మెదడులోని హైపోథాలమస్‌కు చేరి ఆకలిని లేపుతుంది. భోజనానికి ముందు రక్తంలో గ్రెలిన్ పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఇందులో విశేషం ఏమిటంటే, రోజూ తినే వేళకు అది పెరిగి, ఆ వేళ తినకపోయినా కాసేపటికి తనంతట తానే దిగుతుంది. పెళ్ళిలో పంక్తి ఆలస్యమైతే పెద్దలు 'ఆకలి చచ్చిపోయింది' అంటారు. శాస్త్రం చెబుతున్నది కూడా దాదాపు అదే.

ఆకలిని ఆపే వైపు మరికొన్ని హార్మోన్లు పనిచేస్తాయి. చిన్నపేగు చివరి భాగంలో, పెద్దపేగులో ఉండే ఎల్ కణాలు ఆహారం తగిలినప్పుడు జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లను వదులుతాయి. 'ఇక చాలు' అన్న కబురు మోసేవి ఇవే. ఇవి గంటగంటకూ మారే కబుర్లు. దీర్ఘకాలపు లెక్క చూసేది లెప్టిన్. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్న ఈ హార్మోన్‌ను కొవ్వు కణాలే తయారుచేస్తాయి. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. గాదె ఖాళీ అవుతోందని మెదడు అర్థం చేసుకుని ఆకలిని పెంచుతుంది.

పథ్యంతో తగ్గితే పెరిగే ఆకలి

ఈ సంగతి తెలియకపోవడంవల్లే లావుగా ఉన్నవారిని మనం ఇన్నాళ్లూ అన్యాయంగా నిందించాం. పథ్యం చేసి పది కిలోలు తగ్గిన మనిషి ఏడాది తిరిగేసరికి మళ్ళీ పెరిగితే 'నోరు కట్టుకోలేకపోయింది' అంటాం. ఆ మనిషి రక్తంలో ఏమి జరుగుతోందో 2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు చూపించారు. 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ కెలొరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. గ్రెలిన్ పెరిగింది, లెప్టిన్, పీవైవై వంటివి తగ్గాయి, ఆకలి పెరిగింది. ఏడాది గడిచాక చూసినా ఈ మార్పులు చాలావరకు అలాగే ఉన్నాయి. అంటే పథ్యం చేసిన మనిషి మునుపటి కంటే ఎక్కువ ఆకలితో, మునుపటి కంటే తక్కువ తింటూ, ఏళ్ల తరబడి బతకాలి. ఇది మనోబలానికి పెట్టే పరీక్ష అనడం కంటే, శరీరంతో తెగని పోరు అనడం సరైనదని నా అభిప్రాయం.

శస్త్రచికిత్స ఈ లెక్కను ఎలా మారుస్తుంది?

బరువు తగ్గించే శస్త్రచికిత్సల్లో మన దేశంలో ఎక్కువగా వినిపించేవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి 75 నుంచి 80 శాతం వరకు తొలగిస్తారు. ఫండస్ దాదాపు పూర్తిగా పోతుంది. అరటికాయ ఆకారంలో మిగిలే గొట్టంలో పట్టేది 100–150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసెడు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైన కోడిగుడ్డు కంటే చిన్న సంచిని, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేదాన్ని, విడదీసి దానిని నేరుగా చిన్నపేగు దిగువ భాగానికి కలుపుతారు. ఈ రెండవ పద్ధతికి 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ ఆద్యుడు. వ్రణాలకు ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు ఆ తరువాత లావు కాలేకపోవడం ఆయనను ఆలోచింపజేసింది.

అప్పట్లో అందరూ అనుకున్నది: సంచి చిన్నదైంది కనుక తక్కువ తింటారు, తక్కువ తింటే తగ్గుతారు. అదే నిజమైతే ఈ మనుషులు పథ్యం చేసినవారికంటే ఎక్కువ ఆకలితో అల్లాడాలి. అలా జరగలేదు. 2002లో సియాటిల్‌కు చెందిన డేవిడ్ కమ్మింగ్స్ బృందం పథ్యంతో తగ్గినవారిని, బైపాస్‌తో తగ్గినవారిని పోల్చింది. పథ్యంతో తగ్గినవారిలో రోజు మొత్తం మీద గ్రెలిన్ 24 శాతం పెరిగింది. బైపాస్ చేయించుకున్నవారిలో అది సాధారణ బరువున్న వారికంటే 77 శాతం తక్కువగా ఉంది. బరువు తగ్గడం ఇద్దరిలోనూ జరిగింది, ఆకలి కబురు మాత్రం ఎదురెదురు దిక్కులకు పోయింది.

తృప్తి వైపు మార్పు ఇంకా త్వరగా వస్తుంది. బైపాస్ తరువాత ఆహారం చిన్నపేగు దిగువకు తొందరగా చేరుతుంది కనుక భోజనం కాగానే జీఎల్‌పీ-1, పీవైవై బాగా పెరుగుతాయి. ఇది కిలోలు తగ్గేవరకు ఆగదు, కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. 2007లో లండన్‌లో కారెల్ లె రూ బృందం ఇలాంటివారికి ఆక్ట్రియోటైడ్ అనే మందు ఇచ్చి పేగు హార్మోన్ల విడుదలను అణచిచూసింది. సంచి అంతే చిన్నది, కుట్లు అవే. అయినా వారి ఆకలి పెరిగింది, ఎక్కువ తిన్నారు. సంచి పరిమాణం ఒక్కటే కారణం కాదనడానికి ఇంతకంటే నేరుగా చూపే ప్రయోగం అరుదు.

అయితే గ్రెలిన్ ఒక్కదానికే పట్టం కట్టడం కూడా పొరపాటే. గ్రెలిన్ జన్యువు లేని ఎలుకలకు 2013లో స్లీవ్ చేసి చూస్తే అవి కూడా మామూలు ఎలుకల్లాగే తగ్గాయి. మరో ప్రయోగంలో స్లీవ్ చేసిన ఎలుకలను కొంతకాలం పస్తు పెట్టి ఇంకా తగ్గించి, తరువాత మేత వదిలితే, అవి ఎక్కువగా తిని పస్తుకు ముందున్న బరువుకు చేరి అక్కడ ఆగాయి. చిన్న సంచి వాటిని ఎక్కువ తినకుండా ఆపలేదు. అంటే శరీరం కాపాడుకునే బరువు మట్టమే కిందికి దిగింది. ఈ పాఠంలో అన్నిటికంటే జాగ్రత్తగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది: పథ్యం బరువును తగ్గించి ఆకలిని పెంచుతుంది, శస్త్రచికిత్స ఆకలి కొలతనే మార్చి దాని ద్వారా బరువును తగ్గిస్తుంది.

మీ అవగాహనను సరిచూసుకోండి: ఒకే ఊరిలో ఇద్దరు స్త్రీలు 15 కిలోల చొప్పున తగ్గారు. ఒకరు పథ్యంతో, మరొకరు స్లీవ్‌తో. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వారి రక్తంలో గ్రెలిన్ ఎలా ఉండవచ్చు? కారణం మూడు వాక్యాల్లో రాయండి.

ఆకలి లేని నెలలు

ఆపరేషన్ తరువాత మొదటి రెండు వారాలు ద్రవాహారం, ఆపై మెత్తగా చేసిన ఆహారం, నెల నుంచి నెలన్నర దాటాక నెమ్మదిగా గట్టి ఆహారం. సాధారణంగా క్రమం ఇది. ఈ కాలంలో చాలామందికి అసలు ఆకలే తెలియదు. 'ఆకలి ఉండదు' అని ప్రకటనల్లో గొప్పగా రాస్తారు గాని, ఆకలి లేకపోవడం సుఖం మాత్రమే కాదు. తినవలసిన వేళను గుర్తుచేసే గంట మూగబోయిందన్నమాట. ఇక గోడ గడియారాన్ని చూసి తినాలి. నీళ్లు కూడా అంతే; ఒకేసారి చెంబెడు తాగడం కుదరదు కనుక రోజంతా గుక్కెడు గుక్కెడుగా తాగాలి, భోజనంతో కలిపి తాగకూడదు.

ఇక ఇంటివారి సంగతి. మన ఊళ్లలో మనిషి చిక్కిపోతే అది జబ్బు గుర్తు. 'ఏటమ్మా, ఇలా సిక్కిపోనావు? ఇంకో ముద్ద తిను' అని అత్తో, పొరుగింటి అప్పో బలవంతం చేస్తారు. అది ప్రేమే. కాని టీ గ్లాసెడు పట్టే గొట్టంలో ఆ ఇంకో ముద్ద పట్టదు. ఛాతీలో నొప్పి, వాంతి వస్తాయి. తృప్తి కబురు ఇప్పుడు ముందుగా, తక్కువ మోతాదుకే వస్తుంది. వెక్కిళ్లు, ముక్కు కారడం, ఛాతీలో బిగుతు వంటి గుర్తులు కొందరికి 'చాలు' అన్న మాటకు బదులు వస్తాయి. అవి రాకముందే ఆగడం నేర్చుకోవాలి. ముద్ద చిన్నది చేసి, బాగా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలు తీసుకోవాలి.

వాంతులు రోజుల తరబడి సాగితే అది వేరే విషయం. ఇక్కడ మన ప్రాంతపు చరిత్రను కొంచెం తలచుకోవాలి. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఒకనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో, అంటే ఉత్తర సర్కారుల్లో ఉండేవి. ఈ తీరం బెరిబెరి వ్యాధికి పేరుమోసింది. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దీనిపై ఒక గ్రంథం ప్రచురించాడు. ఒక శతాబ్దం తరువాత, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయ సంచాలకుడు ఎక్రాయిడ్ మళ్ళీ ఈ ప్రాంతాన్నే పరిశీలించాడు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మిల్లులో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యమే ప్రధానంగా తినేచోట బెరిబెరి కనిపించేది. వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేసుకునేచోట కనిపించేది కాదు. ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిన్, అంటే థయామిన్, గింజలోపలికి ఇంకుతుంది. పచ్చిబియ్యాన్ని పాలిష్ చేస్తే తవుడుతోపాటు అదీ పోతుంది.

థయామిన్‌ను శరీరం రెండు మూడు వారాలకు మించి నిలవ ఉంచుకోలేదు. శస్త్రచికిత్స తరువాత ఆకలి లేక సరిగా తినకుండా, తిన్నది వాంతి అవుతూ, ఇచ్చిన విటమిన్ బిళ్లలు వేసుకోకుండా నెల గడిస్తే తాతల నాటి ఆ వ్యాధే కొత్త దారిన వస్తుంది. కాళ్లు తిమ్మిర్లెక్కి బలహీనపడటం, నడక తూలడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాటలో తికమక. వీటిని 'నీరసం' అని కొట్టిపారేయకూడదు. నీరసమనగానే ఊరి ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకోవడం మనకు అలవాటు. ఈ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మిగిలిన కొద్దిపాటి థయామిన్ కూడా ఖర్చయి మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సెలైన్ పెట్టేవారికి 'బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, ముందు బి1 ఇంజెక్షను కావాలి' అని చెప్పి, వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లడం ప్రాణాలు కాపాడే పని. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి కూడా జీవితాంతం చూసుకోవలసినవే. అవి లోపించడానికి నెలలు, ఏళ్లు పడుతుంది.

కొద్దిగానే తినగలిగినప్పుడు ఏది ముందు తినాలన్నది మరో ప్రశ్న. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలని సాధారణంగా చెబుతారు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటాయి. కాబట్టి కంచంలో అన్నం కంటే ముందు చేప, గుడ్డు, పెసరపప్పు, పెరుగు తినాలి. చోడి అంబలి మంచిదే, కాని దానితోనే గొట్టం నిండిపోతే మాంసకృత్తులకు చోటుండదు. ఉద్దానం వారికి మాత్రం ఒక హెచ్చరిక. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు మూత్రపిండాల వ్యాధి ఎంతగా ఉందో మీకు తెలుసు. అది ఉన్నవారు మాంసకృత్తులను తమంతట తాము పెంచకూడదు, తగ్గించకూడదు. ఎంత తినాలో మూత్రపిండాల వైద్యుడే చెప్పాలి. నీళ్లు తగ్గడం వారికి మరింత చేటు. బైపాస్ తరువాత కొందరికి మూత్రంలో ఆక్సలేట్ పెరిగి రాళ్లు కూడా ఏర్పడతాయి. ఈ సంగతులు ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి.

నోరూరడం పోతుందా?

కొంత మారుతుంది. చాలామందికి తీపి వెగటుగా, నూనె వంటకాలు బరువుగా అనిపిస్తాయి. నిన్నటిదాకా ఇష్టమైన ఆవ పెట్టిన పనసకాయ కూర వాసనే పడకపోవచ్చు. ఈ మార్పు కొందరిలో నెలలపాటు, కొందరిలో ఏళ్లపాటు ఉంటుంది.

దీనికి తోడు శరీరం ఒక కఠినమైన పాఠం నేర్పుతుంది. బైపాస్ అయినవారు లడ్డూ, జిలేబీ, శీతల పానీయం వంటివి తీసుకుంటే చక్కెర ఒక్కసారిగా పేగులో పడి, అరగంటలోపు గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. మరో రకం ఇంకా తప్పుదారి పట్టిస్తుంది: తీపి తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు ఇన్సులిన్ అతిగా విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, విపరీతమైన ఆకలి వేస్తుంది. ఈ ఆకలి తీపి పుట్టించిన ఆకలి. దానికి మళ్ళీ తీపే పెడితే మూడు గంటలకు మళ్ళీ అదే కథ. ఒళ్లు తూలుతున్నప్పుడు చక్కెర ఇవ్వక తప్పదు. కాని మళ్ళీ మళ్ళీ వస్తుంటే భోజనంలో తీపి, అన్నం తగ్గించి మాంసకృత్తులు పెంచడమే దారి, వైద్యుడికి చెప్పడం తప్పనిసరి.

ఇంతవరకు చెప్పినది శరీరం మాట. ఆహారేచ్ఛలో పెద్ద భాగం అలవాటుది, మనుషులది. సాయంత్రం నాలుగయ్యేసరికి టీతో పకోడీ, కోపం వస్తే చేతికందిన మిక్చరు పొట్లం, చుట్టాలింట వద్దనలేని మిఠాయి. వీటిని ఏ సర్జనూ కోసి తీయలేడు. పైగా మెత్తనివి, జారిపోయేవి గొట్టంలో ఆగవు. బిస్కెట్లు, ఐస్‌క్రీం, తీపి పానీయాలు రోజంతా కొంచెం కొంచెంగా తీసుకుంటే ఆకలి లేకుండానే కెలొరీలు చేరిపోతాయి. ఒక పూట పూర్వం ఎంత తిన్నాడో అంత ఇప్పుడు తినలేడు గాని, పూటలు పెంచుకోగలడు. మద్యం, కల్లు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బైపాస్ తరువాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. రెండో ఏట నుంచి మద్యానికి బానిసలయ్యే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చూపాయి.

ఆకలి తిరిగి వచ్చినప్పుడు

ఆరు నెలలకో, ఏడాదికో చాలామందికి ఆకలి కొంత తిరిగి తెలుస్తుంది. 'ఆపరేషన్ పాడైపోయింది', 'సంచి సాగిపోయింది' అని భయపడి చాలామంది ఆసుపత్రికి వెళ్లడమే మానేస్తారు. నిజానికి అది ఊహించిన మార్పే. స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లనాటికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం సగటు మనిషి అనుభవం. వంద కిలోల మనిషి అరవై ఎనిమిదికి దిగి, పదేళ్లకు డెబ్బై అయిదు దగ్గర ఉంటే అది ఓటమి కాదు. పథ్యం ఒక్కదానితో అంతటి తగ్గుదలను పదేళ్లు నిలుపుకున్నవారు చాలా అరుదు.

కొందరిలో మాత్రం పెరుగుదల ఎక్కువగా ఉంటుంది. అప్పుడు వైద్యుడు కుట్లను, సంచిని పరీక్షించవచ్చు, మందులు ఇవ్వవచ్చు. 2025లో మన దేశంలో బరువు తగ్గించే మందులుగా ప్రచారంలోకి వచ్చిన సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదిమందులు పైన చెప్పిన జీఎల్‌పీ-1 దారినే వాడుకుంటాయి. శస్త్రచికిత్స పేగు చేత చేయించే పనిలో కొంతభాగాన్ని అవి బయటినుంచి చేస్తాయి. మందు ఆపితే ఆకలి తిరిగి వస్తుంది. దానికి కారణం మీకు ఇప్పుడు తెలుసు. వాటిని మందుల షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా వాడకూడదు.

తిరిగి పరీక్షకు వెళ్లేటప్పుడు 'ఆకలి బాగా వేస్తోంది' అన్న ఒక్క మాట వైద్యుడికి పెద్దగా ఉపయోగపడదు. ఒక వారంపాటు నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకుని వెళ్లండి: తినాలనిపించిన వేళ, అంతకుముందు చివరిసారి ఏమి తిన్నారు, అప్పుడు కడుపులో నకనక ఉందా లేక వాసనో మాటో నోరూరించిందా, తిన్న ఎంతసేపటికి చాలనిపించింది. తిన్న రెండు గంటలకు వణుకుతో వచ్చిన ఆకలి, పొద్దున్నుంచి ఏమీ తినకపోతే వచ్చిన ఆకలి, బంధువులు వచ్చిన రోజు వచ్చిన ఆకలి. ఈ మూడింటికీ వైద్యం మూడు రకాలు. ఇంట్లో వండిపెట్టేవారు కూడా వెంట వెళితే మరీ మంచిది.